నాలుగు తీగలు, ఐదు గీతలు

నాకు చెవి ఉంది. ఈ మాట నా అంతట నేను అనుకున్నది కాదు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఇరవై ఏళ్ళపాటు పెళ్ళిళ్ళలో, ఉరుసుల్లో నాతో ఆర్కెస్ట్రా ఎక్కిన ప్రతివాడూ అన్నదే. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు, రెండోసారికి నా బేస్ గిటారు దాని వెంట నడిచేది. అందుకే కాగితం చూసి వాయించేవాళ్ళంటే నాకు చులకన. పుస్తకం చూసి వండినవాడి కూర ఎవడు తింటాడని నవ్వేవాణ్ణి.

ఆ నవ్వు రియాద్‌లో, 2018 అక్టోబరులో ఆగిపోయింది. అప్పటికి తొమ్మిదేళ్ళుగా అక్కడి బతా బజారులో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కేబుళ్ళు, స్పీకర్లు అమ్ముతున్నాను. ఒకరోజు మా కఫీలు, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఆయన టీ ఇచ్చాడంటే చెడ్డ కబురే. నవంబరు నుంచి ఇలాంటి దుకాణాల్లో నూటికి డెబ్బైమంది సౌదీలే ఉండాలట. సొంత దేశంవాళ్ళకే కొలువులన్న ఆ నితాఖాత్ లెక్కలో నాకిక చోటు లేదట. ఈలోగా వేరే కఫీలు దొరికితే నఖల్ ఇచ్చి అటు మార్పిస్తాను, దొరక్కపోతే ఫైనల్ ఎగ్జిట్, మళ్ళీ తిరిగిరాకుండా ఇంటికే అన్నాడు. మంచివాడే. మంచివాడు కాబట్టి కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ వేడి టీ ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాను.

మా దుకాణానికి కేబుళ్ళ కోసం వచ్చే ఫిలిప్పీన్స్ మనిషి ఒకాయన ఉండేవాడు. కీబోర్డు వాయిస్తాడు, ఒక ఈవెంట్ల కంపెనీ బ్యాండుకు లీడరు. నిన్నమొన్నటిదాకా బయట పాటకు అనుమతి లేక గోడల చాటున వాయించుకున్న ఊళ్ళో ఆ ఏడు ఎక్కడ చూసినా ప్రోగ్రాములే. వాళ్ళ బేస్ ప్లేయరు భార్యాపిల్లల మీద సర్కారు వేసిన లెవీ పన్ను మోయలేక నెలాఖరుకు ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఆ చోటు ఖాళీ అవుతుంది, కంపెనీ నఖల్ కూడా తీసుకుంటుంది. కాకపోతే వారానికొక కొత్త గాయకుడు కొత్త కాగితాలతో దిగుతాడు. రెండు గంటల రిహార్సల్, ఆపైన స్టేజీ.

"నొటేషన్ చదువుతావా?" అని అడిగాడు.

"చదువుతాను," అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాకే నిజమేమో అనిపించింది.

"అయితే నాలుగు వారాల తర్వాత శుక్రవారం రా. కాగితం పెడతాను, వాయించు," అన్నాడు.

బతుకంతా వాయించినా, వాయించి మాత్రమే బతకడం నాకెప్పుడూ కుదరలేదు. ప్రొద్దుటూరులో పగలు రేడియోలు బాగుచేశాను, ఇక్కడ కేబుళ్ళు అమ్మాను. నలభై ఆరేళ్ళకు మొదటిసారి ఒకడు బేస్ ప్లేయరుగా ఉద్యోగం ఇస్తానంటున్నాడు. మధ్యలో అడ్డం ఒక్కటే, ఆ కాగితం.

మా గదిలో నాతోపాటు ఉండేది హన్మాండ్లన్న. కోరుట్ల దగ్గరి మనిషి, యాభై దాటాడు. చిన్న కాంట్రాక్టరు దగ్గర రాడ్లు వంచి కట్టే పని. అరబ్బులు ఆ పనివాణ్ణి హద్దాద్ అంటారు. బడిలో నాలుగో తరగతి గడప దాటలేదు. నెలనెలా తలకింత చొప్పున పడే లెవీ కట్టలేక వాళ్ళ కాంట్రాక్టరు చేతులెత్తేశాడు. ఇరవై రెండేళ్ళు ఈ దేశపు స్లాబులకు ఇనుము కట్టిన మనిషికి ఎగ్జిట్ కొట్టి, నా పరీక్ష తర్వాత రెండో రోజుకు టికెట్ ఇచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం "పోదాం తియ్ తమ్మీ, ఎన్నడన్న ఒకనాడు పోవాలె గద," అని సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. పని ఆగిపోవడంతో రోజంతా గదిలోనే ఉండేవాడు.

ఫోనులో దొరికిన ఒక పాఠాల పుస్తకాన్ని జిరాక్సు కొట్టులో ప్రింటు తీయించుకుని వచ్చాను. మొదటి పేజీ చూడగానే మతి పోయింది. అడ్డంగా ఐదు గీతలు. నా బేసుకు తీగలు నాలుగే. గీతకొక తీగ అనుకుని, వీళ్ళది ఐదు తీగల బేసు కాబోలని, ఫిలిప్పీన్స్ వాళ్ళ అంగడి అంతా రెండు సాయంత్రాలు ఐదు తీగల గిటారు కోసం తిరిగాను. దొరక్కపోవడం నా అదృష్టం. దొరికి ఉంటే కొనేసేవాణ్ణి కూడా.

ఈ సంగతి చెప్పి విసుక్కుంటుంటే హన్మాండ్లన్న కాగితం అందుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది డ్రాయింగే గద," అన్నాడు.

"కాదన్నా, ఇది సంగీతం. నీకు తెలీదులే."

"సంగీతం నాకు రాదు తమ్మీ. డ్రాయింగైతే వస్తది. దేనికైనా ముందుగాల గుర్తులు ఏం చెప్తున్నయో చూడాలె. గీ మొదట్ల ఉన్న కొండి ఏంది? దానెంబడి రెండు చుక్కలేంది? గది చదువు."

తాతకు దగ్గులు నేర్పినట్టుంది వ్యవహారం అనుకున్నాను. అయినా చదివాను. ఆ రెండు చుక్కల నడుమ ఉన్న గీత ఎఫ్ అని రాసి ఉంది.

"గంతే. అది నీకు లెవెలు. మీదికి పోతే మీది స్వరం, కిందికి వస్తే కింది స్వరం. గీతలు తీగలు కావు తమ్మీ, మెట్లు."

చదువుకున్న నాకు రెండు సాయంత్రాల తిరుగుడులో తెలియనిది, చదువుకోని ఆయనకు టీ చల్లారేలోపు తెలిసింది. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ ఆశ్చర్యమేసింది.

అలా మా ఇద్దరికీ పని పంపకం కుదిరింది. ఇంగ్లీషు నేను చదివి చెబుతాను, బొమ్మ ఆయన విప్పి చెబుతాడు. నిలువు గీతల మధ్య అరలు చూసి, "ఇవి కొలత గడులు. ఒక్కో గడిల నాలుగే పట్టాలె. బీముల రాడ్లకు కట్టే రింగులు చూసినవా? పిల్లరు కాడ దగ్గర దగ్గర, నడుమ దూరం దూరం. రింగులు ఎన్నున్నా బీము పొడుగు మారదు," అన్నాడు. ఇరవై ఏళ్ళు తాళం వేసినవాణ్ణి, తాళాన్ని ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు.

గదిలో ఆంప్లిఫయరు పెడితే పక్కవాళ్ళు కొడతారు. అందుకని గిటారు తలను చెక్క బీరువా తలుపుకు ఆనించి వాయించేవాణ్ణి. తలుపు సన్నగా మోగేది. హన్మాండ్లన్న ఒక అరచేయి ఆ తలుపు మీద పెట్టి, రెండో చేతి వేలు కాగితం మీద జరుపుతూ కూర్చునేవాడు. ఆ వేలి గోరు సగం లేదు. ఎప్పుడో రాడ్డు కింద పడి పోయిందట.

రెండు వారాలు గడిచేసరికి నేను పాఠాలన్నీ గడగడా వాయిస్తున్నాను. అసలు సంగతేమిటంటే, ప్రతి పాఠాన్నీ ముందు ఫోనులో విని బట్టీ పట్టేస్తున్నాను. కాగితం ఎదుట ఉండేది, అంతే. చెవి ఉన్నవాడి దొంగతనం ఇలాగే ఉంటుంది. ఒకరోజు బాగా ఊపు మీద వాయిస్తుంటే హన్మాండ్లన్న మెల్లగా కాగితం లాగేసుకున్నాడు. నా చేతులు ఆగలేదు, పాఠం చివరిదాకా పోయాయి.

"చూస్తలేవు నువ్వు," అన్నాడు.

"చూస్తాండా కదన్నా."

"లేదు. మూడో వరుసల గీ సున్న బోలుగ ఉన్నది. అంటే రెండు ఎంచాలె. నువ్వు ఒకటికే ఉరికినవ్. నిన్న సుత గంతే ఉరికినవ్. మొన్న సుత."

దొంగకు తేలు కుట్టినట్టయింది. నేను విన్న ఫోను వాయిద్యంలోనే ఆ తప్పు ఉందని తర్వాత తేలింది. నా చెవి నమ్మకంగా ఆ తప్పును మోసుకొచ్చింది. కాగితం అబద్ధం ఆడలేదు, దాన్ని చదివినవాడు ఆయన ఒక్కడే.

కోపమొచ్చింది. "నీకేమన్నా, ఇంగ రెండు వారాల్లో పోతావు. ఈ యవ్వారం నాకేంటికి, నేనూ నీతోనే వస్తాలే," అన్నాను. అనకూడని మాట. ఎగ్జిట్ పడ్డవాడి ముందర, దాటే దారి ఉన్నవాడు అనకూడనిది.

ఆయన నొచ్చుకున్నట్టు కనబడలేదు. ఆ పూట ఆయనే పప్పు వండాడు. తిన్నాక అన్నాడు: "నేను వచ్చిన కొత్తల డ్రాయింగు చదువరాకపోతుండె. పక్కోడు ఏం కడితే నేను అదే కడుతుంటి. ఒకనాడు పక్కోడు తప్పు కట్టిండు. నేను సుత కట్టిన. ఇంజినీరు నలభై పిల్లర్ల కట్లన్నీ ఇప్పిచ్చిండు. ఆ నాడు కూసున్న డ్రాయింగు ముంగట. పక్కోడు ఎప్పుడూ ఉండడు తమ్మీ. కాయితం ఉంటది."

మర్నాటి నుంచి వాయించేటప్పుడు నా ఫోను ఆయన దగ్గరే పెట్టుకున్నాడు. కొత్త పాఠం వినకుండా మొదలుపెట్టాను. నత్తనడక. నా చేతులు నావి కాదన్నంత మొద్దుబారాయి. ఒక్కో చుక్కకూ ఆగి, మెట్లు ఎక్కి దిగి, గడిలో నాలుగు లెక్కపెట్టి. ఇరవై ఏళ్ళ వాయిద్యగాణ్ణి పలక పట్టిన పిల్లాడిలా కూర్చున్నాను. ఎదురుగా ఆయన, తలుపు మీద చెయ్యి పెట్టి, ఒక్క విసుగు మాట లేకుండా. మూడో వారం చివర ఒక సాయంత్రం, ఎన్నడూ వినని పాట ఒకటి కాగితంలోంచి లేచి నా వేళ్ళ కింద నడిచింది. ఎవరూ నాకు వినిపించలేదు. నేనే చదివాను. తలుపు మీద ఆయన చెయ్యి అలాగే ఉంది. "వచ్చింది," అన్నాడు, అంతే.

పరీక్ష శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఒలయా పేటలో, ఒక భవనం కింది అంతస్తులో. హన్మాండ్లన్న ఉతికిన చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. నా వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. లీడరు స్టాండు మీద కాగితాలు పెట్టాడు. డ్రమ్ముల కుర్రవాడు కర్రలు కొట్టి లెక్కపెట్టాడు. అందరూ మొదలుపెట్టారు, నేను తప్ప. నా కాగితం మొదట్లో మందపాటి గీత, దాని మీద పన్నెండు అంకె ఉన్నాయి. పన్నెండు గడులు మౌనం. పాట చక్కటిది, నా చెవి ఎనిమిదో గడిలోనే దూకమంది. చెవిని నోరు మూసుకోమని లెక్కపెట్టాను. పదమూడో గడిలో దిగాను. సరిగ్గా పడింది.

దాదాపు రెండు పేజీలు అలా పోయాయి. రెండు చోట్ల తప్పాను, ఆగలేదు. రెండో పేజీ చివరి వరుసలోకి వచ్చాక చూసుకున్నాను. పేజీ తిప్పడానికి సందు లేదు. రెండు చేతులకూ పనే, ఒక్క విశ్రాంతి గుర్తు లేదు. చేయి తీస్తే తాళం పోతుంది, తీయకపోతే ముందున్నది కనబడదు. ఎప్పుడూ ఒక్క పేజీ పాఠాలే చదివిన నాకు ఇలాంటిది ఒకటి వస్తుందని తోచనే లేదు.

అప్పుడు భుజం పక్కనుంచి ఒక చేయి వచ్చింది. సగం గోరు లేని వేలు. చివరి గడికి కాదు, దానికి ముందు గడికి పేజీ తిరిగింది. వాయించేవాడి కళ్ళు చేతికంటే ఒక గడి ముందుంటాయని తెలిసినవాడు మాత్రమే తిప్పగలిగిన చోట తిరిగింది. నేను వాయించుకుంటూ పోయాను.

పాట ముగిశాక లీడరు, "రెండు తప్పులు. లెక్క బాగుంది. ఆదివారం నీ ఇఖామా కార్డు కాపీ తీసుకురా," అన్నాడు. తర్వాత నా వెనక్కి చూసి, "ఈయన ఏం వాయిస్తాడు?" అని అడిగాడు.

ఆ మాట నేను తెలుగులో చెబితే హన్మాండ్లన్న లేచి నిలబడి, తనకొచ్చిన హిందీలో ఆయనకే చెప్పాడు. "మై హద్దాద్ హూ సాబ్. లోహా బాంధ్‌తా హూ."

ఈయన ఇనుము కట్టే పనివాడని నేను ఇంగ్లీషులో చెప్పాను. లీడరు ఆయన చేతులకేసి కాసేపు చూశాడు. మా వాళ్ళలో పేజీ అంత సరిగ్గా తిప్పేవాడు లేడు, ప్రతి శుక్రవారం రమ్మను అన్నాడు. అది తెలుగులో చెప్పాను. హన్మాండ్లన్నే నవ్వి, "పర్సోఁ ఫైనల్ ఎగ్జిట్ హై," అన్నాడు. ఎల్లుండే ఫైనల్ ఎగ్జిట్ అన్నది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఏడు రియాద్‌లో ఆ రెండు మాటలు తెలియని పరదేశి లేడు. అంతటి మనిషిని లెక్కలో పట్టలేదని పంపించేస్తున్నారే అని నాకు అక్కడే ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వచ్చేముందు ఆయన స్టాండు మీది కాగితాలు చూపించి నన్నడిగాడు: "తమ్మీ, గివి ఇస్తడా అడుగు. ఇంటికాడ తీరిగ్గ చదువుకుంట."

లీడరు జిరాక్సు తీయించి, నాలుగు పేజీలూ రెండు చేతులతో ఇచ్చాడు. తిరుగు టాక్సీలో హన్మాండ్లన్న వాటిని మోకాలి మీద పరుచుకుని మొదటినుంచి మొదలుపెట్టాడు. మొదట పెదవులు కదిలాయి, పన్నెండు దాకా. తర్వాత వేలు కదిలింది. బతా వచ్చింది, డ్రైవరు బండి ఆపాడు. దిగుదామన్నా అని రెండుసార్లు పిలిచాను.

"ఆగు తమ్మీ," అన్నాడు తలెత్తకుండా. "ఇంక మూడు వరుసలున్నయ్."

డ్రైవరు హారను కొట్టబోతే నేను చెయ్యి అడ్డం పెట్టి, మూడు వరుసలూ అయ్యేదాకా కూర్చున్నాను.