పాత పిస్టన్ల చప్పుడు

టక్... టక్... టక్...

చెరకు తోటల మీద మంచు ఇంకా కరగలేదు. బోధన్ దారిలో కాంటెస్సా కారు వస్తోంది — మనిషి కంటే ముందు చప్పుడే ఇల్లు చేరుతుంది.

ఆ చప్పుడు వినగానే లింగవ్వ పొయ్యి మీద చాయ్ పెడుతుంది. కొడుకు ప్రేమ్ వచ్చాడని.

దిగేది ప్రేమ్ కాదు. చెల్లెలు అంకిత.

నిరుడు నిజాంసాగర్ కాలువలో ఈతకు దిగాడు ప్రేమ్. గట్టు మీద కారు మిగిలింది. మనిషి దొరకలేదు... శవమూ దొరకలేదు.

ఊరు ఏడ్చి ఊరుకుంది. లింగవ్వ ఏడవనే లేదు. చప్పుడు వచ్చాక మనిషి రాకుండా ఎక్కడికి పోతాడని ఆమె ధీమా.

తర్వాత వచ్చిన కాంటెస్సా మెత్తగా పోతుందని ఎంతమంది చెప్పినా ప్రేమ్ వినలేదు. పాతదే కావాలన్నాడు. దాని గొంతు కావాలన్నాడు.

ఇప్పుడా గొంతు వింటేనే అంకితకు ఒళ్లు జలదరిస్తుంది.

నిజామాబాద్‌లో మెకానిక్ బాలనర్సయ్య ఇంజన్ విప్పాడు. అరిగిన పిస్టన్లు గుడ్డ మీద పెట్టాడు. వదులై సిలిండర్ బోరు గోడకు కొట్టుకుంటున్నాయి — ఆ టక్‌టక్ అదే.

"గివ్వే పెడ్తే బండి నడుస్తది బిడ్డా, చప్పుడు పోదు. బోరు గీకిచ్చి, జర లావు కొత్త పిస్టన్లు పెడ్తే బండి గుంజుడే గుంజుడు. గానీ గీకినంక పాత చప్పుడు మల్ల రాదు. ఏది పెట్టమంటవ్?"

అంకిత ఒక పిస్టన్ చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. వేళ్లకు మసి అంటింది.

ఉంచితే — కన్న అవ్వ బతికినన్నాళ్లూ ఎదురుచూస్తూనే ఉంటుంది.

తీసేస్తే — అన్నను తన చేతులతోనే చంపినట్టు.

పిస్టన్‌ను మళ్లీ గుడ్డ మీద పెట్టింది.

"కొత్తయే పెట్టు కాకా."

కొన్నాళ్లకు బండి తయారైంది. గాలిలా పోతోంది. చెరకు ట్రాక్టర్లను దాటుకుంటూ, కాలువ పక్క నుంచి... లోతైన గుర్రు ఒక్కటే. టక్‌టక్ లేదు.

అన్న లేడు.

బోధన్ దాకా ఏడుస్తూనే నడిపింది.

ఇంటి ముందు ఆపింది. అవ్వ బయటకు రాలేదు. హమ్మయ్య అనుకుంది... అనుకున్నందుకు సిగ్గుపడింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

లింగవ్వ బండి చుట్టూ తిరిగింది. బానెట్ మీద చెయ్యేసి ఆ వేడిని నిమిరింది. ఆమె ముఖం విచ్చుకుంది — ఏడాదిగా ఎన్నడూ లేనంతగా.

"బండి బాగ చేపిచ్చుకుంటున్నడా నా కొడుకు... గందుకేనా గిన్ని దినాలు రాలే?"

అంకిత స్టీరింగ్ ముందే కూర్చుండిపోయింది.

లింగవ్వ ఎడమవైపు తలుపు తీసింది. ఖాళీ సీటు మీదికి వంగింది.

"దిగు కొడుకా..."