మిగిలిన ఒక్క పోటు

పడవ నీళ్ళలో ఉన్నంతసేపూ కెప్టెన్ భార్య కదలకూడదు. కత్తి పట్టకూడదు, గొంతు పెంచకూడదు. ఇంట్లో ఆమె ఎంత నెమ్మదిగా ఉంటే సముద్రంలో తిమింగలం అంత నెమ్మదిగా వస్తుందని అలాస్కా తీరంలోని ఇన్యూపియాట్‌ తెగవాళ్ళ నమ్మకం. అందుకే రోడా పొద్దుటినుంచీ కిటికీ పక్కన తోలు పరుచుకుని రాయిలా కూర్చుంది. ఆమెకు మాంసం కోసిపెట్టడానికి ఆడపడుచు ఎడ్నా వచ్చింది.

ఆ వసంతానికి ఊరి కోటాలో మిగిలింది ఒక్క పోటు, అంటే ఒక్క ఈటె దెబ్బ. దేశాలన్నీ కూర్చుని తేల్చిన ఆ కోటాలో, ఒడ్డుకు చేరిన తిమింగలమైనా ఈటె తగిలి తప్పించుకున్నదైనా ఒకటే. మంచు అంచున నీళ్ళలో పడవలు వేసి ఇద్దరు కెప్టెన్లే కాచుకుని ఉన్నారు. ఒకరు రోడా భర్త వెస్లీ, రెండోవాడు ఎడ్నా భర్త హెర్మన్. ఎడ్నాకు బదులు ఆమె అత్త తమ ఇంట్లో కదలకుండా కూర్చుంది; ఇద్దరిలో ఎవరు కదిలినా తిమింగలం బెదురుతుంది.

"ఈసారి మా ఆయనదే వదినా," ఎడ్నా కొవ్వు ముక్క అందిస్తూ నవ్వింది. "మా అన్నయ్యకు గురెక్కడిది? పెళ్ళిలో నీ వేలికి తొడగాల్సిన ఉంగరం నేలమీద పడేశాడు!"

"నవ్వించకే, కదిలిపోతాను."

రేడియో గరగరలాడింది. వెస్లీ గొంతు. "రోడా, ఎవరిచేతనైనా గాలి బంతి ఒకటి పంపించు. మాది ఎలుగుబంటి చీల్చేసింది."

"అయ్యో పాపం!" అంది ఎడ్నా.

రోడా రేడియో వైపు చూసింది. ఆ బంతిని ఈటె తాడుకు కట్టి పడవలోనే ఉంచుతారు. నీళ్ళలో, మనుషులున్న పడవలోకి ఎలుగుబంటి ఎలా వస్తుంది? బంతి పోయిందంటే ఈటె దిగిందన్నమాటే. తిమింగలం తాడుతో సహా మంచు కిందికి పోయింది. ఆ ఒక్క పోటూ అయిపోయింది. వెస్లీ దాస్తున్నాడు.

బయటపెడితే మొగుడి పరువు పోతుంది. పెట్టకపోతే ఇక పడే ఈటె కోటా దాటినట్టే. ఆమె చిన్నతనంలో ఆ దేశాలు వేటే ఆపేయబోతే, పెద్దలు సముద్రాలు దాటి వెళ్ళి వాదించి ఈ కోటా తెచ్చుకున్నారు. ఒక్క ఊరు దొంగలెక్క చెప్పిందని తెలిస్తే తీరమంతా పస్తులే.

"కనిపించింది," రేడియోలో హెర్మన్ గుసగుస. "పడవకు ఎదురుగానే వస్తోంది. ఎవరూ మాట్లాడకండి."

ఎడ్నా రెండు చేతులూ చెంపలకేసుకుంది. "వదినా! కదలకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను, కదలకు!"

రేడియో అవతలి గోడ దగ్గరుంది. రోడా లేచింది. ఎడ్నా చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుని మీట నొక్కింది.

"హెర్మన్, ఈటె దించు! పోటు అయిపోయింది. మా పడవే వాడేసింది."



"ఇంట్లో కూర్చున్నదానివి, నీకేం తెలుసే?" వెస్లీ అరిచాడు.

"బంతి ఎక్కడుందో చెప్పు."



"బావా," అన్నాడు హెర్మన్. "అది నా పక్కనుంచే వెళ్ళిపోయింది. ఈటె నా చేతిలోనే ఉంది. ఇక నువ్వు చెప్పు. ఊరంతా వింటోంది."

వెస్లీ నోరు విప్పాడు. ఈటె ఎక్కడ తగిలిందో, దెబ్బతిన్న తిమింగలం ఎటు పోయిందో ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

ఎడ్నా కత్తి తుడిచి సంచిలో వేసుకుంది. "వచ్చే శీతాకాలానికి నా పిల్లల తిండి ఆ తిమింగలం, వదినా." తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "కోసినవి గిన్నెలో ఉన్నాయి."

పడవలు వెనక్కి లాగడానికి స్నోమొబైళ్ళు మంచు మీదికి బయలుదేరాయి. ఒక్కటీ ఆ గుమ్మం ముందు ఆగలేదు. వాటిలో వెస్లీ పడవ కోసం వెళుతున్నది ఏదో, అసలు ఉందో లేదో, రోడాకు తెలియలేదు.