పగులు మీద పట్టీ

ఎకెహార్డ్ వీగ్మాన్ గోడకు చెవి ఆనించి వేలి కణుపులతో తట్టాడు. కాస్త పైన మళ్ళీ తట్టాడు. పాత బొగ్గు గనుల మీద నిలబడ్డ ఊరది. నేల ఎక్కడ కుంగుతుందో, కుంగినచోట కట్టడం నిలుస్తుందో లేదో చెప్పడమే ఇంజనీరుగా ఆయన బతుకంతా చేసిన పని. ఆయన గుమ్మంలో కనిపిస్తే ఇంటిమీద గుడ్లగూబ వాలినట్టు చూసేవారు జనం. పాపం, ఆయనకూ అది అలవాటైపోయింది.

గెర్లిండె బీరుకొట్టు గోడ పైనుంచి కిందిదాకా చీలింది. ఆ పగులు ఇంకా పెరుగుతూంటే కొట్టు మూసెయ్యాల్సిందే. గెర్లిండెకు వేరే బతుకుతెరువు లేదు. మూలబల్ల చుట్టూ చేరే ముసలి గని కార్మికులకు వేరే చోటు లేదు.

"గోడలకు చెవులుంటాయంటారు. ఈయన చెవులే గోడకు అతుక్కుపోయాయే!" అన్నాడు మూలబల్ల పెద్ద యుప్ కొవాలెక్.

"నోర్మూసుకుని తాగవయ్యా!" అని కసిరింది గెర్లిండె. "ఇంజనీరుగారూ, బఠాణీ సూపు వేడిగా ఉంది. ఒక్క గిన్నె తాగండి."

"వద్దమ్మా. పరీక్ష చేసే చోట మంచినీళ్ళు కూడా ముట్టను."

ఉప్పు తింటే తీర్పు వంగుతుందని ఆయన భయం. అందుకే ఎన్ని ఇళ్ళలో అడుగుపెట్టినా ఏ ఇంటికీ చుట్టం కాలేకపోయాడు. పెళ్ళీ చేసుకోలేదు. సాయంత్రమైతే రొట్టె, జున్ను, రేడియో, అంతే.

జిప్సం పొడి నీళ్ళలో కలిపి, పగులుకు అడ్డంగా అరచేతి వెడల్పున పట్టీ వేశాడు. ఆరాక పెన్సిలుతో తేదీ, కింద తన పొడి అక్షరాలు రాశాడు.

"వసంతందాకా ఇది విరక్కపోతే గోడ కదలట్లేదన్నమాట."

"విరిగితే?"

ఆయన పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్తూ వెళ్తూ, అలవాటు ఊరుకోదుగా, మూలబల్ల మీద కూడా కణుపులతో టకటకా తట్టాడు. కబుర్లు ఠక్కున ఆగిపోయాయి. ఆ కొట్టులో ఎవరైనా బల్ల తట్టాడంటే అందరినీ పలకరించి కూర్చుంటున్నాడనే లెక్క.

"తట్టేశారు! ఇక కూర్చోవాల్సిందే!" అంటూ యుప్ కుర్చీ లాగాడు.

"అయ్యో, కర్ర గట్టిదేనా అని చూశానండీ, అంతే."

"కర్ర గట్టిదే. పుచ్చిపోయింది మేమే!"

అందరూ ఘొల్లుమన్నారు. వీగ్మాన్ కూడా నవ్వాడు. కూర్చోవాలని ఎంత ఆశపడ్డాడో! చెయ్యి కుర్చీ వీపుదాకా వెళ్ళింది కూడా.

"వసంతంలో వస్తాను. పట్టీ నిలిస్తే కూర్చుంటాను, సూపూ తాగుతాను."

"మాటేనా?"

"మాటే."

ఆ సాయంత్రం రొట్టె కోసుకుని కూర్చోబోతూ, తన బల్లను తనే ఒకసారి తట్టాడు. ఎవరూ పలకలేదు.

మంచు కరక్కముందే ఒకనాడు నిద్రలోనే పోయాడు.

వసంతంలో ఆయన స్థానంలో ఒక ఇంజనీరమ్మ వచ్చింది. భూతద్దంతో పట్టీని పరీక్షగా చూసి, "గోడ కదల్లేదు. కొట్టు నడుపుకోండి," అంది.

"ఆయనేరీ? ఆయన కోసం సూపు పెట్టానే!" అంది గెర్లిండె.

ఆయన చలికాలంలోనే పోయాడని ఇంజనీరమ్మ చెప్పింది. కొట్టు నిలిచినందుకు ఎవరూ గ్లాసు ఎత్తలేదు. యుప్ లేచి, ఆనాడు ఆయనకోసం లాగిన ఖాళీ కుర్చీని గోడవైపు జరిపి, పట్టీ పక్కన కణుపులతో మెల్లగా తట్టాడు.

తర్వాత గోడకంతా కొత్త రంగు వేయించినా, గెర్లిండె ఆ పట్టీ మీద మాత్రం బ్రష్షు పడనివ్వలేదు. పెన్సిలుతో రాసిన తేదీ, కింద ఆయన పొడి అక్షరాలు, అరచేతి వెడల్పున తెల్లటి జిప్సం, ఎక్కడా వెంట్రుకవాసి చీలిక లేదు.