దారం తెగింది

ఒంటికి ఇన్ని అవసరాలు పెట్టిన దేవుడు, వాటిని నోరు తెరిచి చెప్పుకోడానికి అంత సిగ్గెందుకు పెట్టాడన్న సందేహం ఆమెకి కాపురానికొచ్చిన కొత్తల్నించీ ఉంది. పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు అడుగుదామనుకునేది. దేవుడి ముందు కూడా ఆ మాట నోట రాక ఊరుకునేది. ఆ మధ్యాహ్నం రేకుల కింద షెడ్డు నిప్పుల గుండంలా ఉంది. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోతుంటే, కాలరు తర్వాత కాలరు కుడుతూ ఆమె మనసులో మళ్ళీ అదే అడుగుతోంది.

అది చొక్కాలు కుట్టే షెడ్డు. ఆమె కాలర్లు కుడుతుంది కాబట్టి అందరికీ కాలర్లమ్మ. పెరట్లో మరుగుదొడ్లున్నాయి, వాటికి వెళ్ళే తలుపుకి తాళం ఉంది. తాళంచెవి సూపర్‌వైజరు కుర్చీకి వేలాడుతుంటుంది. ఎవరడిగినా "కాస్త ఓపిక పట్టమ్మా, ఈ కట్ట అయిపోనీ" అంటాడు. అందుకే ఆయనకి ఓపికయ్య అని పేరు పడిపోయింది. ఓపిక లేక సీటు దిగినవాళ్ళకి గంట కూలి కోసేదీ ఆయనే. మగవాడి ముందు నిలబడి ఆ మాట అనలేక ఆడవాళ్ళంతా కలిసి ఒక మాట కల్పించుకున్నారు. "దారం తెగింది సార్" అంటే వెళ్ళాలని అర్థం. ఆ మాత్రం కూడా అనలేనివాళ్ళు పనివేళల్లో నీళ్ళు తాగడమే మానేశారు. దాహమేస్తే గుడ్డముక్క తడిపి పెదాలకి అద్దుకునేవాళ్ళు. అలవాటైతే ఒళ్ళే మాట వింటుందని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవాళ్ళు.

కాలర్లమ్మ అక్కా అని పిలిచే తోడికోడలూ అలాగే ధైర్యం తెచ్చుకుంది. పక్క మెషిన్ మీద కఫ్‌లు కుట్టేది. నడుం నొప్పి మొదలైతే కుర్చీ వల్లేమోనని గుడ్డ బిగించి కట్టించుకుంది. చలిజ్వరం వస్తే వాన గాలి అనుకుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. పోయిన వానాకాలంలో పోయింది. అప్పట్నించీ కాలరు మొన తిప్పినప్పుడల్లా, ఆ సూది ఎవరి మెడలో దిగుతున్నట్టు ఊహించుకుంటోందో కాలర్లమ్మ దేవుడికి చెప్పలేదు. ఆ తాళంచెవి ఆ కుర్చీ మీంచి ఊడి రావాలి. అది తన చేత్తోనే జరగాలి. ఆమె కోరుకునేది అదొక్కటే.

ఇంతలో యజమాని ఒక నర్సుని వెంటబెట్టుకొచ్చాడు. పనివాళ్ళకి ఆరోగ్యపాఠాలు చెప్పిస్తేనే చొక్కాలు కొంటామని కొనేవాళ్ళు పట్టుబట్టారట. మెషిన్లు ఆగాయి. నర్సు ఒక బొమ్మ గోడకి తగిలించింది.

"ఇవి మూత్రపిండాలు. వెనక వైపు, పక్కటెముకల కింద, అటొకటి ఇటొకటి. మీ పిడికిలంత ఉంటాయి. రాత్రీ పగలూ రక్తాన్ని వడగడుతూనే ఉంటాయి."

"వాటికీ సెలవు లేదన్నమాట," అంది బొత్తాలు కుట్టే పిన్ని. "కూలి కోతైనా లేదు, అదృష్టవంతులు."

అందరూ ముసిముసిగా నవ్వారు. నర్సూ నవ్వింది. "వాటికి మీరివ్వాల్సిన కూలి నీళ్ళే. మూత్రం లేతరంగులో ఉంటే సరిపోతున్నట్టు. ముదురు పసుపుగా ఉంటే ఒళ్ళు నీళ్ళడుగుతున్నట్టు. వచ్చినప్పుడు బిగబట్టకండి. లోపల నిలవుంటే క్రిములు పెరుగుతాయి. మొదట మంట. అవి పైకి పాకితే చలిజ్వరం, నడుం నొప్పి."

నడుం నొప్పి అన్న మాట దగ్గర కాలర్లమ్మ చేతిలోని కత్తెర పక్కన పెట్టింది. తోడికోడలి నడుముకి ఆ గుడ్డ బిగించి ముడేసింది తనే. కాలర్లమ్మ లేచి నిలబడింది.

"నర్సమ్మగారూ, బిగబట్టొద్దన్నారు. మరి తలుపుకి తాళముంటేనో?"

యజమాని దగ్గాడు. సూపర్‌వైజరు కుర్చీలోంచి లేచాడు. "ప్రశ్నలు తర్వాతమ్మా. కాస్త ఓపిక..."

"ఓపిక పట్టే మా అక్క పోయింది," అంది. నర్సు ముందున్న బల్ల మీది జగ్గెత్తి నీళ్ళు గటగటా తాగింది. మూతి తుడుచుకుని సూపర్‌వైజరు కుర్చీ దగ్గరికెళ్ళింది. "నేను మూత్రానికి వెళ్ళాలి. తాళంచెవి ఇవ్వండి."

ఆ మాట నోట వచ్చింది. రేకులేమీ విరిగి మీద పడలేదు. నర్సు యజమాని వంక చూస్తోంది.

"ఇచ్చెయ్యవయ్యా, ఏంటిదంతా," అన్నాడు యజమాని.

కాలర్లమ్మ తాళంచెవి అందుకుని వెళ్ళింది. వెనకే పిన్ని, ఆ వెనకే మరికొందరు. జగ్గు మళ్ళీ నింపుకున్నారు. తాళంచెవి మాత్రం కుర్చీకి తిరిగి రాలేదు. నర్సూ యజమానీ వెళ్ళిపోగానే సూపర్‌వైజరు చెయ్యి చాచాడు.

"ఇలా తే."

"ఇవ్వను సార్. ఇక నా దగ్గరే ఉంటుంది."

"రేపు నీకు సీటుండదు."

"రేపటి సంగతి రేపు చూద్దాం. ఎండగా ఉంది, మీరు కూడా కాసిని నీళ్ళు తాగండి."

ఆయనకి షుగరు. ఆయన ఒళ్ళు ఎవరి మాటా వినదని షెడ్డులో అంతా ఎరుగుదురు. పొద్దు వాలుతుండగా కాలర్లమ్మ మెషిన్ దగ్గరికొచ్చి, వంగి, గొంతు తగ్గించాడు.

"తాళంచెవి ఒకసారి ఇవ్వమ్మా."

"దేనికి సార్?"

"అదే... దారం తెగింది."

"తెగితే కొత్త ఉండ తీసుకోండి."

ఒకనాడు తోడికోడలు ఆ కుర్చీ ముందు మెలికలు తిరుగుతూ నిలబడితే ఆయనిచ్చిన జవాబది. అంతటితో ఆగలేదు. అర్థమయ్యేట్టు, అందరికీ వినపడేట్టు చెప్పమన్నాడు. ఇస్త్రీ చేసేవాళ్ళు పకపకా నవ్వారు. ఆవిడ చెప్పలేక వెనక్కొచ్చి కూర్చుంది. సాయంత్రం దాకా తడిబట్టతోనే కుట్టింది.

"అర్థమయ్యేట్టు చెప్పండి సార్," అంది కాలర్లమ్మ. "అందరికీ వినపడాలి."

ఒక్కో మెషినూ ఆగింది. ఆయన కాలు మీద కాలు మెలేసి నిలబడ్డాడు. నుదుట చెమట పట్టింది.

"మూత్రానికి," అన్నాడు.

"వెనక్కి వినపడలా," అంది పిన్ని.

"మూత్రానికి వెళ్ళాలి."

ఎవరూ నవ్వలేదు. కాలర్లమ్మ నడుం దగ్గర దోపుకున్న తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"అక్క బాకీ తీరింది," అంది. "వెళ్ళొచ్చి నాకివ్వండి."