తొమ్మిదో ఫారం

ఆమదాలవలస రైసుమిల్లులో నవల చదివే పద్ధతి లోకంలో మరెక్కడా ఉండదు. విజయనగరం నుంచి కొత్త నవల రాగానే ముందు దాని అట్ట ఊడదీస్తారు. తరవాత గోనెలు కుట్టే సూదితో వెన్నుదారం తెంపి, ఫారాలుగా విడదీస్తారు. ఫారానికి పదహారు పేజీలు. ఒకటో ఫారం చదివినవాడు దాన్ని పక్కవాడి చేతిలో పెట్టి రెండోది అందుకుంటాడు. పుస్తకం ఒకటి, పాఠకులు తొమ్మిదిమంది, ఎవడి ఆత్రం వాడిది. నియమం మాత్రం ఒక్కటే: ముగింపు ముందే చెప్పేసినవాడికి మరి పుస్తకం లేదు.

"మనది కుట్లు విప్పే సంఘం కాదురా, కుట్రలు విప్పే సంఘం!" అనేవాడు జగన్నాధం. మిల్లులో కాటా దగ్గర ధాన్యం బస్తాలు తూచే మనిషి. బస్తా ఎంత తూచి దించేవాడో, మాట అంత తూచకుండా వదిలేవాడు.

అరవై ఏడులో వచ్చిన నవల పేరు 'మబ్బుల మీట'. ఢిల్లీలో ఒక సైంటిస్టు మబ్బుల్ని మళ్ళించే యంత్రం కనిపెడతాడు. ఈ మీట నొక్కితే వాన ఇక్కడ, ఆ మీట నొక్కితే వాన సరిహద్దు అవతల. కుర్చీ మీద ఆశకొద్దీ ఒక కేంద్రమంత్రి ఆ యంత్రాన్ని పరాయి దేశానికి అమ్మేయబోతాడు. వాడు మంత్రి కాదు, కుతంత్రి. పదకొండు గంటలకు పార్లమెంటులో ఓటింగు, సరిగ్గా పదకొండుకే మీట నొక్కడం!

వానలు మొహం చాటేసి, ధాన్యం రాక, కాటా గాలినే తూచిన రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ మబ్బుల్ని ఎవడో దొంగిలిస్తున్నాడంటే మిల్లులో ఎవడు కుదురుగా ఉంటాడు? పైగా ఈ ఊళ్ళో పదకొండు గంటలకు ఏదీ జరగదు. పదకొండు గంటల పాసింజరే ఒంటిగంటకు వస్తుంది. నవలలో మాత్రం సమస్తమూ నిమిషాల మీద నడిచేది. ఇంజను చూసే పోతురాజు నాలుగో ఫారంలో మునిగి బాయిలరులో ఊక వెయ్యడం మరిచాడు. మిల్లు ఆగింది. కథ ఆగలేదు గనక ఆ సంగతి చాలాసేపటిదాకా ఎవరూ గమనించలేదు.

అలాంటి రోజుల్లో జగన్నాధానికి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషన్ ఖాయమైంది. వరిబీజం.

"వరి బస్తాలు తూసేటోడికి వరిబీజం రాక మినపబీజం వస్తాదేటిరా?" అని అందరినీ నవ్వించాడు. "ఆపరేషన్ అంటే ఏటనుకున్నారు? ఆ పరేషానే!"

పైకి నవ్వాడు గాని లోపల గుండె కాటాముల్లులా ఊగుతూనే ఉంది. కత్తి తలపుకొస్తే చాలు, నోట్లో ముద్ద దిగేది కాదు. నవల చేతిలో ఉన్నంతసేపే ఆ కత్తి కనబడేది కాదు. అందుకే రోజుకొక ఫారం చొప్పున పొదుపుగా చదివాడు. తొమ్మిదోది బుధవారంనాడు రైల్లో చదువుకోవాలనీ, ఆ ఊపులోనే గురువారం బల్ల ఎక్కేయాలనీ లెక్క.

మంగళవారం మధ్యాహ్నానికి ఎనిమిదో ఫారం చివరి పేజీకి వచ్చాడు. సైంటిస్టు చెయ్యి మీట మీద ఉంది. మంత్రి తుపాకీ సైంటిస్టు మీద ఉంది. గడియారంలో పదకొండుకు అరనిమిషం ఉంది. 'తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చిన మనిషిని చూసి మంత్రి తెల్లబోయాడు. ఆ వచ్చినది'—

అక్కడ ఫారం అయిపోయింది.

జగన్నాధం పరుగు లాంటి నడకతో స్టేషను గూడ్సుషెడ్డుకు వెళ్ళాడు. గూడ్సు క్లర్కు నరసింగరావు సంఘంలో అందరికన్నా ముందు చదివేవాడు.

"ఒరే నరసింగా, తొమ్మిదోదేదిరా?"

"నిన్ననే మీ ఇంటికి పంపీసినాను గదరా."

"ఇంటికి రానేదు!"

"మరి నాకేటి తెలుసు?" అని నరసింగరావు చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"ఎల్లుండి నన్ను కోసీస్తారురా. పోతే పోతాను. తలుపు తీసిందెవులో తెలీకుండా పోతే నా పీనుగ కూడా తలుపేపే సూస్తాది. సెప్పీరా!"

"రూలు రూలేరా. నాను సెప్పీసినాననుకో, నువ్వు బతికొచ్చి నన్నే సంఘంలోంచి తీసీస్తావు."

ఇంటికి వచ్చి భార్యను అడిగాడు. సుభద్రమ్మ ట్రంకుపెట్టెలో దుప్పటి సర్దుతూ తల ఎత్తకుండానే, "కాయితాలేటి, నాను సూడనేదు బావా. ఆసుపత్రికెల్లే మనిసికి కాయితాలు దేనికి?" అంది. ఆమె మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయని అతనికి తెలుసు. అయితే ఆ రోజు అతను చెవులు చూసే స్థితిలో లేడు.

రైలు ప్రయాణమంతా కిటికీలోంచి చూస్తూనే గడిచింది. చేతిలో చదవడానికేమీ లేదు. అడ్డు తొలగిపోయిన కత్తి మాత్రం ప్రతి స్టేషన్లోనూ ఎక్కి ఎదుటి బల్ల మీద కూర్చుంది.

గురువారం ఉదయం బల్ల మీద పడుకోబెట్టారు. "ఒకటి నుంచి లెక్కపెట్టు" అన్నాడు డాక్టరు, మూతి మీద మత్తు గుడ్డ వేస్తూ.

జగన్నాధం నవలలో లాగా వెనక నుంచి మొదలుపెట్టాడు. "పది... తొమ్మిది... తొమ్మిదో ఫారం..."

"ఏమంటున్నాడు?"

"ఫారం అంటున్నాడు సార్. అన్నీ నింపేశాం" అంది నర్సు.

తరవాత ఏమీ లేదు. మబ్బు.

మళ్ళీ వెలుగు వచ్చేసరికి పక్కన నర్సు నిలబడి ఉంది. జగన్నాధం ఎండిన నాలుకతో మొట్టమొదట అడిగిన మాట, "లోపలికొచ్చిందెవులు?"

"ఇంకెవరు, మీ ఆవిడే!"

ఢిల్లీ ప్రయోగశాలలోకి సుభద్రమ్మ ఎందుకు వెళ్ళిందో అతనికి ఎంతకీ అంతు పట్టలేదు. ఈలోగా సుభద్రమ్మే మంచం దగ్గరికి వచ్చి అతని నుదురు తడిమింది. తడిమి, చీర కుచ్చెళ్ళలోంచి నలిగిన కాగితాల మడత తీసింది. తొమ్మిదో ఫారం!

"ఒసే! నీకాడేనా?"

"నాకాడే. గూడ్సుషెడ్డు కూలీ సోములు తెచ్చి నా సేతికిస్తే నానే దాసీసినాను. నరసింగ బావక్కూడా సెప్పొద్దన్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా అయ్య ఓడెక్కి బర్మా రంగం ఎల్లినప్పుడు మాయమ్మ నులకమంచం సగమే అల్లనిచ్చింది. సగం పని వొదిలీసి ఎల్లిన మనిసిని ఆ మిగిల్న సగం లాక్కొచ్చీస్తాదంట. అయ్య ఓడ దిగొచ్చి ఆ మంచం అల్లీసినాడు. మరి నువ్వు సగంలో వొగ్గీసే పనేటున్నాది బావా? ఈ కతే గదా."

జగన్నాధానికి కోపం రావలసింది. వచ్చింది నవ్వు. నవ్వితే కుట్లు లాగాయి. "నన్ను నవ్వించకే, కుట్లు విప్పే సంఘం అక్కడున్నాది, ఇక్కడ కాదు" అని మూలిగాడు. ఆ మూలుగులోనే గుండెలోని బరువు బస్తాలా దిగిపోయింది. బతికే ఉన్నాడు. నొప్పి పుడుతోందంటే నిజంగానే బతికే ఉన్నాడు.

"అయితే సదువు. ఎవులొచ్చినారు?"

"సదివీసినాను. నిన్ను లోపలేసి తలుపేసీసినారు. బయట బల్ల మీద నానొక్కద్దాన్నీ. ఆ తలుపేపు సూడ్నేక, ఇది తీసి కూడబలుక్కున్నాను. మూడుసార్లు." సుభద్రమ్మ గొంతు తగ్గించింది. "ఆ వొచ్చినోడు రాందాసంట."

జగన్నాధం లేవబోయి ఆగిపోయాడు. "రాందాసా! మూడో ఫారంలో సచ్చిపోనాడు గదే! కరెంటు పని సేసీవోడు!"

"సావనేదంట. తీగలన్నీ ముందే తెంపీసినాడంట. మంత్రి మీట నొక్కినాడు, ఏటీ అవనేదు. పోలీసులొచ్చి అట్టుకుపోనారు. బయట వాన కురిసీసింది."

"కురిసీసిందా!" జగన్నాధం కళ్ళు మూసుకుని, ఆ వాన తన మీదే కురుస్తున్నట్టు, ఒక నిమిషం పడుకుండిపోయాడు. పక్క మంచం మీది ముసలాయన కూడా, కథ తెలియకపోయినా, "పోన్లెండి, మంచి వార్తే" అన్నాడు.

సుభద్రమ్మ మాత్రం ఊరుకోలేదు. మంచం పట్టె మీద చెయ్యి వేసి ముందుకు వంగింది. "అది సరేగాని బావా, సచ్చిపోనాడనీలాగ ఎవులు సేసినారు ఆ రాందాసుని? ఆ మంత్రికి తాళం ఎవులిచ్చినారు?"

"రూలే! ముందరే సెప్పకూడదు."

"ముందరేటి, ఆఖరు నాకు తెలిసిపోనాది గదా!" అంది సుభద్రమ్మ. చెవులు ఎర్రబడలేదు గాని మొహమంతా ఎర్రబడింది. "ఊరెల్లగానే ఒకటో ఫారం ఎవులికాడున్నాదో బేగి కనుక్కో. అంతవరకూ నాకు నిద్దర్రాదు."