క్లిప్పు పెట్టిన తొమ్మిదో పేజీ

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. ఊరి సబ్‌సెంటర్లో బల్ల మీద గుడారంలా నిలబడతాను. బొమ్మలు ఆడవాళ్ల వైపు, అక్షరాలు నర్సు వైపు. అచ్చయిన రోజున నాకెంత గర్వమో! మూడు నెలలకొక సూది, కాన్పుకూ కాన్పుకూ ఎడం. ఆ సంగతి చెప్పే నోరు నాదే అనుకున్నాను.

నోరు నొక్కేశారు. సునంద సిస్టర్ చెడ్డదేం కాదు. తొమ్మిదో పేజీ చూపిస్తే సగం మంది లేచిపోతున్నారని, దాన్ని ఎనిమిదో పేజీకి కలిపి క్లిప్పు బిగించింది. ఎనిమిదిలో నవ్వే తల్లి: రోజూ మాత్ర మింగక్కర్లేదు, పాలు తగ్గవు, మొగుణ్ని బతిమాలక్కర్లేదు. అన్నీ నిజాలే. తొమ్మిదిలో ఉన్నవీ నిజాలే: నెలసరి గతి తప్పుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి నెత్తురు కనబడుతుంది, బరువు పెరగొచ్చు, ఎముకలు కొంత పలచబడొచ్చు, మానేశాక కడుపు నిలవడానికి ఏడాది పట్టొచ్చు. సగం చెప్పి ఊరుకోవడం మోసం. అందులో నేనూ ఉన్నాను.

బీడీలు చుట్టే గంగామణికి పద్నాలుగు నెలల్లో రెండు కాన్పులు. ఒంట్లో నెత్తురు లేదు. ఎనిమిదో పేజీ చూసి సూది వేయించుకుంది. తర్వాత ఇరవై రెండు రోజులు బట్ట తడుస్తూనే ఉంది. అన్నాళ్లూ అత్త పోశవ్వ ఆమెను వంటింట్లోకి రానివ్వలేదు. వాకిట్లో చాపేసి కూర్చోబెట్టి, బీడీల చాట మాత్రం ఒళ్లో పెట్టింది. మనుషుల మైల పొయ్యికి అంటుతుంది, పొగాకుకు అంటదు.

మూడు నెలలు నిండాక అత్తాకోడళ్లు వచ్చారు.

"ఇగ సూది లేదు గీది లేదు సిస్టరమ్మా. కోడలుపిల్ల పాడైతున్నది," అంది పోశవ్వ.

గంగామణి నన్ను తన వైపు లాక్కుంది. క్లిప్పు ఊడబీకి, తొమ్మిదో పేజీలో ఎర్రచుక్కలు పెట్టిన క్యాలెండరు బొమ్మను చూసింది.

"ఇదేంది సిస్టర్?"

"భయపడతరని..."

"సచ్చిపోత, పిల్లలనెవలు సాదుతరని ఏడ్చిన నేను. గీ ముక్క ముందుగాల చెప్తే ఏడుద్దునా? అప్పుడు గూడ సూది వద్దనకపోదును."

సిస్టర్ తల దించుకుంది. తర్వాత ఆ పేజీ మొత్తం పైకి చదివింది. మళ్లీ నెత్తురు ఎక్కువైతే ఒక్కదానివే భరించకు, వెంటనే రా అని చెప్పింది.

"ఆపినంక ఏడాది కడుపు రాదా?"

"రాకపోవచ్చు. పక్కా చెప్పలేం."

"రాకుంటెనే మంచిది. నా పానం తేరుకోవాలె."

"మల్ల గట్లనే అయితే?" అంది పోశవ్వ.

"అయితె అయితది అత్తా. ఈసారి పొయికాడనే కూసుంట."

అని సూదికి జబ్బ చాపింది. భయపడుతుందని మేం దాచింది ఈ మనిషి దగ్గరా! ఆమె వైపు చూడటానికి నాకు ముఖం చెల్లలేదు.