తొమ్మిదో నంబరు తాళంచెవి

కౌన్సిల్ వాళ్ళు పోయిన నెల మా తోటలో ఒక బోర్డు పెట్టారు. ఆకుపచ్చ పలక మీద తెల్లటి అక్షరాలు. "టెంపర్లీ స్క్వేర్ తోటను చుట్టూ ఉన్న ఇరవై ఒక్క ఇళ్ళవారు 1948లో ఉదారంగా ప్రజలకు అప్పగించారు" అని ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాను. రెండుసార్లూ "ఉదారంగా" దగ్గరే ఆగిపోయాను.

పది ఇళ్ళవాళ్ళు చివరిదాకా ఇచ్చేది లేదనే అన్నారు. ఇచ్చేద్దామన్న పదకొండు ఓట్లలో ఒకటి నేను వేసింది. ఆ రోజు నాలో ఔదార్యం చెంచాడు కూడా లేదు. ఉన్నదంతా అసూయే.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా అమ్మ నన్ను తొమ్మిదో నంబరు ఇంట్లో, మిస్ లెడ్గార్డ్ గారి దగ్గర పనికి కుదిర్చింది. ఈ తోట కంచె పక్కనే నిలబడి నా కాలరు సర్ది వెళ్ళిపోయింది. వెనక్కి తిరుగుతుందేమోనని వీధి మలుపు దాకా చూశాను. తిరగలేదు. ఎవరైనా వెళ్ళడానికి కోటు తొడుక్కుంటుంటే, వెనక్కి తిరుగుతారేమోనని ఇప్పటికీ చూస్తాను.

అటక గదిలో నాతో పాటు ఉండే పనిపిల్ల నోరా. నాకంటే రెండేళ్ళు పెద్దది. సాయంత్రం మాకు అరగంట తీరిక దొరికితే ఇద్దరం కంచె దగ్గరికి వెళ్ళేవాళ్ళం. లోపల ప్లేన్ అనే పెద్ద నీడ చెట్ల కింద ఒక బెంచీ ఉండేది. నోరా చువ్వల మధ్య ముఖం పెట్టి, "ఎడమ పక్క నాది, కుడి పక్క నీది. గుర్తుపెట్టుకోవే ఐవీ" అనేది.

"తాళంచెవి ఎవరిస్తారే మహారాణీ?"

"నేనే తెస్తా, చూస్తూ ఉండు."

ఇంటికి ఒక్కటే తాళంచెవి. దాని మీద ఆ ఇంటి నంబరు. పనివాళ్ళు ఇంటి పిల్లల్నో కుక్కనో తీసుకొస్తే తప్ప లోపలికి రాకూడదు. మా ఇంట్లో పిల్లలూ లేరు, కుక్కా లేదు. పంజరంలో ఒక పసుపు పిట్ట ఉండేది. "పిట్టని షికారుకి తిప్పుతామంటే ఒప్పుకుంటారేమో అడుగుదామా?" అని నోరా నవ్వించేది.

అన్నట్టే తాళంచెవి తెచ్చుకుంది. పన్నెండో నంబరులో ఉండే గార్సైడ్ గారు పళ్ళ డాక్టరు, భార్య పోయినవాడు. మా ఇంటికి టీకి వస్తూ పోతూ నోరాని పెళ్ళి చేసుకున్నాడు. నోరా తన పెట్టె తీసుకుని అటక మెట్లు దిగుతుంటే నేను అవతలి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మరుసటి వారం నుంచే తోటలో కనబడింది. మణికట్టుకి నీలం రిబ్బను, దానికి తాళంచెవి. కింద వంటింట్లో గిన్నెలు తోముతూ కూడా ఆ తాళం చప్పుడు పోల్చుకునేదాన్ని. ఇరవై ఒక్క తాళంచెవుల్లో దాని చప్పుడు ఒక్కటే నా పంటి కింద రాయిలా తగిలేది.

"రావే, గేటు తీస్తా" అని పిలిచేది నోరా.

"నీ చుట్టంగానా? అక్కర్లేదు."

యుద్ధం వచ్చింది. 1941లో ఫిరంగులకి ఇనుము కావాలని మనుషులు వచ్చి కంచె కోసుకుపోయారు. అరిగిన పళ్ళలా మొదళ్ళు మిగిలాయి. తాళంచెవులున్నా తాళం లేదు. పచ్చిక తవ్వి అందరం బంగాళాదుంపలు వేశాం. ఒకరోజు మట్టి చేతులతో బెంచీ దగ్గరికి వెళితే నోరా అప్పటికే ఎడమ పక్క కూర్చుని ఉంది. గౌను అంచు పక్కకి లాక్కుంది. నేను కుడి పక్క కూర్చున్నాను. ఆ యుద్ధంలో జనం ఏమేమో పోగొట్టుకున్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు మాత్రం ఒక బెంచీ దొరికింది.

యుద్ధం అయిపోయాక గార్సైడ్ గారు కొత్త కంచె, కొత్త తాళం అంటూ ఇల్లిల్లూ తిరిగాడు. అదే సమయంలో కౌన్సిల్ వాళ్ళు, తోట మాకు రాసివ్వండి, అందరికీ తెరిచి ఉంచుతాం అని అడిగారు. ఏదో ఒకటి తేల్చడానికి చర్చి హాల్లో సమావేశం పెట్టారు.

"బెంగపడకే. దొంగచాటుగా నీకో తాళంచెవి చేయించి ఇస్తాలే" అంది నోరా.

"నీ పాత గౌన్లు ఇచ్చినట్టా?" అన్నాను.

మిస్ లెడ్గార్డ్ గారికి అప్పటికి చూపు పోతోంది, లేచి తిరగడం లేదు. ఆవిడ బీరువాలో పుస్తకాలు ఆవిడకే చదివి వినిపిస్తూ నేను చదువు నేర్చుకున్నాను. తప్పు చదివితే దుప్పటి మీద వేలితో కొట్టేది. సమావేశానికి తాను వెళ్ళకపోతే తన ఓటు చెల్లుతుందా అని తోట పాత దస్తావేజు చదవమంది. నూట ఇరవై ఏళ్ళ నాటి కాగితం. అందులో రెండు షరతులున్నాయి. ఓటు ఇంటి తాళంచెవిది, అది ఎవరు తెస్తే ఆ ఇంటి తరఫున వాళ్ళే మాట్లాడినట్టు. అధ్యక్షత వహించే మనిషి చేతిలో తాళంచెవి ఉండకూడదు.

ఆవిడ దిండు కింద నుంచి తాళంచెవి తీసి ఇచ్చింది. "కంచె కావాలనేవాళ్ళ పళ్ళెంలో వెయ్యి, ఐవీ. తెలిసిందా?"

"తెలిసిందమ్మగారూ."

తెలిసిందన్నాను. వేస్తానని అనలేదు.

చర్చి హాల్లో బల్ల మీద రెండు పళ్ళేలు, ఒకదాని ముందు "కంచె", ఒకదాని ముందు "కౌన్సిల్" అని అట్టముక్కలు. గార్సైడ్ గారే అధ్యక్షుడు. అందుకని వాళ్ళ ఇంటి తాళంచెవి నోరా చేతిలో ఉంది. వరుసగా నంబర్లు పిలిచారు. తొమ్మిది అనగానే లేచి వెళ్ళి కౌన్సిల్ పళ్ళెంలో వేశాను.

"అది పనిమనిషి కదా!" అని వెనక ఎవరో అరిచారు.

"తప్పు పళ్ళెంలో వేశావమ్మా" అన్నాడు గార్సైడ్ గారు నెమ్మదిగా.

"లేదండీ. నాకు చదవడం వచ్చు" అన్నాను. దస్తావేజులో ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆయన కాగితాలు తిరగేసి, చూసి, గొంతు సవరించుకుని పది అని పిలిచాడు.

నేను నోరా వైపే చూస్తున్నాను. నేను ఓటు వేసింది అందరి కోసమూ కాదు, పిల్లల ఆటల కోసమూ కాదు. ఆ చేతికి ఉన్న రిబ్బను ఊడిపోవాలి, అంతే. నాకు లేనిది దానికీ ఉండకూడదు.

పన్నెండు అన్నారు. నోరా లేచింది. రిబ్బను ముడి రాలేదు. అందరి ముందూ పళ్ళతో కొరికి విప్పింది. మొగుడి ముఖం వైపు చూడకుండా వచ్చి, నా తాళంచెవి పక్కనే తనదీ పెట్టింది.

చివరి లెక్క పదకొండు, పది.

బయట మెట్ల మీద నోరా నన్ను పట్టుకుంది. "ఇంక చుట్టానివి కావుగా. ఇప్పుడైనా వస్తావటే, మొండి ఘటమా?" దాని కళ్ళు మెరుస్తున్నాయి.

నేను దాని చెయ్యి పట్టుకోవాల్సింది. నాకు తోచింది ఒక్కటే. లాక్కోవాలని నేను వేసిన ఓటు, ఇవ్వాలని అది వేసింది. అందులోనూ అదే గెలిచింది.

"ఉన్నవాళ్ళకి ఇవ్వడం తేలికేలే" అన్నాను.

"అవునులే" అంది నోరా. వట్టి రిబ్బను వేలికి చుట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున మిస్ లెడ్గార్డ్ గారు, "ఎంత తేడా?" అని అడిగింది.

"ఒక్కటమ్మగారూ."

దుప్పటి మీద వేలితో ఒకసారి కొట్టింది. "చదువు నేర్పింది నేనే కదా" అంది చివరికి. "ఊఁ, నిన్న ఆపిన చోటు నుంచి మొదలుపెట్టు."

నన్ను పనిలోంచి తీసేయలేదు. గార్సైడ్ గారు మాత్రం సొంత భార్య చేసిన పనికి ఆ స్క్వేర్లో తలెత్తుకోలేకపోయాడు. ఆకులు రాలకముందే ఇల్లు అమ్మేశాడు. వాళ్ళు సముద్రపు ఒడ్డున ఉన్న ఈస్ట్‌బోర్న్ వెళ్ళిపోయే రోజున నోరా టోపీ పెట్టుకుని వచ్చి బెంచీ మీద ఎడమ పక్క కూర్చుంది. అరగంట కూర్చుంది. మా గుమ్మం వైపే చూస్తూ ఉంది. నేను కింద వంటింటి తెర వెనక నిలబడి ఒకటే చెంచా తుడుస్తున్నాను. అమ్మ తిరిగి చూడలేదని అన్నేళ్ళు ఏడ్చినదాన్ని, చూస్తున్న మనిషి దగ్గరికి వెళ్ళలేకపోయాను. కారు హారన్ మోగింది. నోరా లేచింది. తర్వాత ఉత్తరం రాలేదు.

తొమ్మిదో నంబరు ఇప్పుడు ఆరు వాటాలైంది. కింది వాటాలో నేను ఉంటాను. బెంచీని మూడుసార్లు మార్చారు గానీ చోటు అదే. వాన లేని ప్రతి రోజూ వెళ్ళి కుడి పక్క కూర్చుంటాను.

నిన్న మధ్యాహ్నం ఒక ఆఫీసు పిల్ల రొట్టె పొట్లంతో వచ్చింది. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అమ్మా?"

ఎడమ పక్కకి చూశాను. "లేరమ్మా. కూర్చో. అందరిదీ కదా" అన్నాను.

కూర్చుంది. కాళ్ళు చాపుకుని, ఎండలో కళ్ళు మూసుకుని, సొంత చోటులా. నా ఒళ్ళు మండిపోయింది. ఎంత నెమ్మదిగా నములుతుందో అని ప్రతి ముక్కా చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల లేచి వెళ్ళాక, ఎడమ పక్క రాలిన రొట్టె పొడిని చేత్తో శుభ్రంగా దులిపేశాను.